సెనేటర్ వేసేది మూడు ఓట్లు: జడ్జి నామినీల ఫిలిబస్టర్ గొడవ అసలేంటి

మాకు బాగా తెలిసిన డాక్టర్ గారు ఒకాయన ఉన్నారు, గుంటూరులో చదువుకుని 1980ల్లో అమెరికా వచ్చేశారు, ఇప్పుడు రిటైర్ అయ్యారు. తన రాష్ట్రం సెనేటర్లకి రాసిన ఉత్తరాలు, వాళ్ళ ఆఫీసుల నుంచి వచ్చిన జవాబులు అన్నీ ఒక పాత ఫైల్లో దాచుకున్నారు. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అందులోంచి 2005 మే నాటి కాగితం ఒకటి తీసి చదవమని నా చేతికిచ్చారు. ఆయన అడిగింది ఒక్క లైనే, ప్రెసిడెంట్ పంపే జడ్జి నామినీల మీద ఫిలిబస్టర్, అంటే చర్చ సాగదీసి ఓటింగ్ జరగకుండా అడ్డుకునే పద్ధతి, తీసేయాలని మీ పార్టీ వాళ్ళు అంటున్నారు కదా మీరు దానికి అవునంటారా కాదంటారా అని. వచ్చిన జవాబు ఒకటిన్నర పేజీ ఉంది. సెనేట్ ఎంత గొప్ప సంస్థో ఉంది, ప్రెసిడెంట్ పంపిన ప్రతి నామినీకి న్యాయం జరగాలని ఉంది, మైనారిటీ పార్టీ హక్కులు కూడా కాపాడాలని ఉంది, మీ అభిప్రాయం తప్పకుండా గుర్తుపెట్టుకుంటాను అని ఉంది. అవునో కాదో మాత్రం ఎక్కడా లేదు.

నేను దాన్ని రెండు మూడు సార్లు చదివాను. చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే అందులో ఒక్క అబద్ధం కూడా లేదు, ప్రతి వాక్యం నిజమే, కానీ మొత్తం చదివాక మనిషి ఎటువైపో తెలీదు. ఇది ఎలా సాధ్యం అంటే, జడ్జి నామినేషన్ విషయంలో సెనేటర్ వేసేది ఒక ఓటు కాదు, మూడు రకాల ఓట్లు ఉంటాయి, మూడిటికీ లెక్కలు వేరు అర్థాలు వేరు, జనం ఒకటి అడిగితే ఇంకోదాని గురించి చెప్పి బయటపడొచ్చు. ఈ మూడూ విడదీసి చూస్తే తప్ప ఆ గొడవ ఎవరికీ అర్థం కాదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు అసలు సెటప్ చెప్తా. అమెరికాలో ఫెడరల్ జడ్జీలని ప్రెసిడెంట్ నామినేట్ చేస్తాడు, సెనేట్ ఒప్పుకోవాలి, ఇది రాజ్యాంగం రెండో ఆర్టికల్లోనే ఉంది. ఒకసారి ఒప్పుకున్నాక ఆ జడ్జి జీవితాంతం ఉంటాడు, రిటైర్మెంట్ వయసు లేదు, ఇంపీచ్ చేస్తే తప్ప తీసేయడం కుదరదు. సుప్రీం కోర్టులో 9 మంది, కింద అప్పీల్స్ కోర్టుల్లో 179 సీట్లు, ఇంకా కింద డిస్ట్రిక్ట్ కోర్టుల్లో 670కి పైగా సీట్లు. మన ఇండియాలో అయితే కొలీజియం పేర్లు పంపుతుంది, ఆ పద్ధతి మార్చడానికి పార్లమెంటు 2014లో చేసిన చట్టాన్ని సుప్రీం కోర్టే 2015లో కొట్టేసింది, కాబట్టి మన రాజ్యసభ ఎంపీకి హైకోర్టు జడ్జి ఎవరు అవ్వాలో తేల్చే ఓటే లేదు, ఫలానా జడ్జికి ఎందుకు ఓటేశారు అని ఆయన్ని అడిగే అవకాశం మనకి లేదు. ఇక్కడ ఉంది. 100 మంది సెనేటర్లు, రాష్ట్రానికి ఇద్దరు, 1913లో రాజ్యాంగ సవరణ వచ్చాక వీళ్ళని నేరుగా జనమే ఎన్నుకుంటున్నారు, అంటే తన పేరు మీద వేసిన ప్రతి ఓటుకీ జనానికి జవాబు చెప్పాల్సిన మనిషి.

ఇంక మూడు ఓట్లు. మొదటిది అందరికీ తెలిసిందే, నామినీకి ఓకేనా కాదా. దీనికి సగం కంటే ఒకటి ఎక్కువ చాలు, సమానంగా వస్తే వైస్ ప్రెసిడెంట్ ఓటు వేస్తాడు. 1987లో సుప్రీం కోర్టు నామినీ రాబర్ట్ బోర్క్ ఈ ఓటు దగ్గరే 42-58తో ఓడిపోయాడు, 1991లో ఇంకో సుప్రీం కోర్టు నామినీ క్లారెన్స్ థామస్ ఇదే ఓటులో 52-48తో గట్టెక్కాడు. ఇద్దరి మీదా గొడవ మామూలుగా జరగలేదు కానీ ఎవరూ ఫిలిబస్టర్ మాత్రం చెయ్యలేదు, సూటిగా ఓటింగ్ జరిగిపోయింది. థామస్‌ని ఫిలిబస్టర్‌తో ఆపడానికి 41 మంది చాలు (ఎందుకో కిందే చెప్తా), వ్యతిరేకంగా 48 మంది ఉండి కూడా ఆపలేదు.

రెండోది, ఇక చర్చ ఆపి ఓటింగ్‌కి వెళ్దామా వద్దా అనే ఓటు. దీన్ని క్లోచర్ అంటారు. సెనేట్లో మొదట్నుంచీ ఉన్న లక్షణం ఏంటంటే ఒక సభ్యుడు మాట్లాడుతుంటే ఆపే రూల్ లేదు, 1806లో రూల్స్ పుస్తకం శుభ్రం చేస్తున్నాం అనుకుంటూ చర్చ ఆపే పాత నిబంధన ఒకటి తీసేశారు, అప్పుడు దాని ప్రభావం ఎవరూ ఊహించలేదు. తర్వాత తర్వాత అదే ఆయుధమైంది, అడ్డుకోవాలంటే మాట్లాడుతూ ఉండటమే, అదే ఫిలిబస్టర్. ఆ మాట కూడా సముద్రపు దొంగలకి వాడే పాత డచ్ మాట నుంచి స్పానిష్ మీదుగా వచ్చింది. 1917లో యుద్ధం రోజుల్లో కొద్దిమంది సెనేటర్లు ఒక బిల్లుని ఇలా ఆపేస్తే ప్రెసిడెంట్ విల్సన్ మండిపడ్డాడు, అప్పుడు 22వ రూల్ పెట్టారు, మూడింట రెండొంతుల మంది సరే అంటే చర్చ ఆపొచ్చని. 1949లో దాన్ని విస్తరించాక నామినేషన్లు కూడా దీని కిందకి వచ్చాయి. 1975లో దాన్ని తగ్గించి 60 చేశారు. 1957లో స్ట్రోమ్ థర్మండ్ సివిల్ రైట్స్ బిల్లుకి వ్యతిరేకంగా 24 గంటల 18 నిమిషాలు నిలబడి మాట్లాడాడు కానీ ఈ రోజుల్లో అలా ఎవరూ నిలబడక్కర్లేదు, మా దగ్గర 41 మంది ఉన్నాం అంటే చాలు, అవతలి వాళ్ళకి 60 రావు, విషయం అక్కడే ఆగిపోతుంది.

మూడోది చాలామందికి అర్థం కానిది, క్లోచర్‌కి 60 కావాలా 51 చాలా అనేదాన్నే మార్చే ఓటు. దీన్నే న్యూక్లియర్ ఆప్షన్ అన్నారు, ఆ పేరు రిపబ్లికన్ నాయకుడు ట్రెంట్ లాట్ పెట్టాడని చెప్తారు. పద్ధతి ప్రకారం రూల్ మార్చాలంటే దానిమీద చర్చ ఆపడానికి మూడింట రెండొంతులు కావాలి, అది ఎప్పటికీ రాదు. అందుకని అడ్డదారి ఒకటి ఉంది. మెజారిటీ లీడర్, అంటే ఎక్కువ సీట్లున్న పార్టీ నాయకుడు, లేచి నామినేషన్ల మీద క్లోచర్‌కి మామూలు మెజారిటీ చాలని పాయింట్ ఆఫ్ ఆర్డర్ (రూల్ మీద అభ్యంతరం) లేవదీస్తాడు. కుర్చీలో ఉన్నాయన, రూల్ పుస్తకంలో 60 అని ఉంది కాబట్టి కుదరదు అంటాడు. లీడర్ దానిమీద సభకి అప్పీల్ చేస్తాడు. ఆ అప్పీల్ మీద మామూలు మెజారిటీతో కుర్చీ నిర్ణయాన్ని కొట్టేస్తే అదే కొత్త సంప్రదాయం అయిపోతుంది. పుస్తకంలో ఒక్క అక్షరం మారదు, 22వ రూల్లో ఇప్పటికీ 60 అనే ఉంటుంది, కానీ ఆచరణలో మారిపోయింది.

ఈ మూడూ ఎందుకు ఇంత విడమరిచి చెప్తున్నానంటే, ఒక సెనేటర్‌కి నామినీ నచ్చొచ్చు, అయినా రూల్ మార్చడం ఇష్టం లేకపోవచ్చు. ఇంకో సెనేటర్‌కి నామినీ అస్సలు నచ్చకపోవచ్చు, అయినా ఓటింగ్‌ని అడ్డుకోవడం తప్పు అనుకోవచ్చు. మూడో ఆయన నామినీకి వ్యతిరేకం అని ఊళ్ళో చెప్పుకుని, క్లోచర్‌కి మాత్రం ఊ అని, నామినీ గట్టెక్కడానికి దారిచ్చి, చివర్లో లెక్కకి రాని వ్యతిరేక ఓటు వెయ్యొచ్చు. బయట నుంచి చూసే వాళ్ళకి ముగ్గురూ ఒకటే భాష మాట్లాడతారు.

ఇప్పుడు 2005కి వద్దాం. దానికి ముందు రెండేళ్ళు, బుష్ నామినేట్ చేసిన అప్పీల్స్ కోర్టు జడ్జీల్లో 10 మందిని డెమొక్రాట్లు ఫిలిబస్టర్‌తో ఆపేశారు. మిగెల్ ఎస్ట్రాడా అని ఒకాయన, హోండురాస్ నుంచి కుర్రాడిగా వచ్చి పెద్ద లాయర్ అయ్యాడు, ఆయన్ని వాషింగ్టన్ డీసీ అప్పీల్స్ కోర్టుకి 2001లో నామినేట్ చేస్తే 2003లో 7 సార్లు క్లోచర్ ఓటింగ్ పెట్టారు, 7 సార్లూ 60 రాలేదు, చివరికి ఆ సెప్టెంబర్లో విసిగిపోయి తప్పుకున్నాడు. రిపబ్లికన్లు ఇది ఎప్పుడూ జరగలేదు అన్నారు. అది పూర్తిగా నిజం కాదు, 1968లో ప్రెసిడెంట్ జాన్సన్ చీఫ్ జస్టిస్ పదవికి పంపిన ఏబ్ ఫోర్టాస్ విషయంలో క్లోచర్ ఓటు 45-43తో సరిపోక ఆయన పేరు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. డెమొక్రాట్లేమో క్లింటన్ రోజుల్లో మా వాళ్ళని మీరు నామినీలని ముందుగా చూసే జ్యుడీషియరీ కమిటీలోనే తొక్కి పెట్టారు కదా అన్నారు, అందులో నిజం చాలా ఉంది, రిచర్డ్ పాయెజ్ అనే ఆయన్ని 1996 జనవరిలో నామినేట్ చేస్తే కన్ఫర్మ్ అయింది 2000 మార్చిలో, నాలుగేళ్ళు.

ఆ పాయెజ్ కేసులో ఇంకో విషయం ఉంది. చివర్లో క్లోచర్ ఓటు 85-14తో పాసైంది, కాదన్న ఆ 14 మందిలో రిపబ్లికన్ బిల్ ఫ్రిస్ట్ ఒకరు. ఐదేళ్ళ తర్వాత మెజారిటీ లీడర్‌గా ఉండి, జడ్జి నామినీల మీద ఫిలిబస్టర్ రాజ్యాంగ స్ఫూర్తికే విరుద్ధం అని పోరాడింది కూడా ఈ ఫ్రిస్టే. అటువైపు చూస్తే డెమొక్రాట్ ప్యాట్రిక్ లేహీ 1998లో తమ పార్టీ ప్రెసిడెంట్ ఉన్నప్పుడు ఏ జడ్జి మీదైనా ఫిలిబస్టర్ చేస్తే నేను అడ్డుపడతా అని సభలో అన్నాడు, బుష్ వచ్చాక ఆయనే ఫిలిబస్టర్ల వైపు నిలబడ్డాడు. కాబట్టి ఇదేదో ఒక పార్టీ జబ్బు అనుకోకండి.

2004 ఎన్నికల తర్వాత సెనేట్లో రిపబ్లికన్లు 55, డెమొక్రాట్లు 44, ఒక ఇండిపెండెంట్. రూల్ మార్చే ఓటుకి 50 మంది ఉంటే చాలు, టై అయితే వైస్ ప్రెసిడెంట్ చెయినీ ఉన్నాడు, ఆయన ఏప్రిల్లోనే బహిరంగంగా చెప్పేశాడు అవసరమైతే నేను ఓటేస్తానని. అంటే ఫ్రిస్ట్ ఐదుగురిని పోగొట్టుకోవచ్చు, ఆరో మనిషి పోతే కథ అయిపోయినట్టే. రిపబ్లికన్లలోనే జాన్ మెకెయిన్, లింకన్ చాఫీ లాంటి వాళ్ళు మేం ఒప్పుకోం అని చెప్పేశారు. ఇంకా తేల్చని వాళ్ళ మీద దేశం మొత్తం కన్ను పడింది, పెన్సిల్వేనియాలో ఆర్లెన్ స్పెక్టర్, వర్జీనియాలో జాన్ వార్నర్, నెబ్రాస్కాలో చక్ హేగెల్. వాళ్ళ రాష్ట్రాల్లో జనం ఫోన్లు చేశారు, ఉత్తరాలు రాశారు, రెండు వైపుల సంస్థలూ టీవీలో యాడ్స్ ఇచ్చాయి, ఏప్రిల్ 24న కెంటకీలో ఒక చర్చిలో జస్టిస్ సండే అని పెద్ద సభ పెట్టి దేశమంతా ప్రసారం చేశారు, ఫ్రిస్ట్ వీడియోలో మాట్లాడాడు. సెనేటర్ల నుంచి వచ్చే సమాధానాలు మాత్రం డాక్టర్ గారి ఫైల్లో ఉన్నలాంటివే.

స్పెక్టర్ పరిస్థితి కొంచెం ఆలోచించండి. 2004 ప్రైమరీలో సొంత పార్టీలో ప్యాట్ టూమీ మీద చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచాడు. నవంబర్లో గెలిచిన మర్నాడే అబార్షన్ హక్కుని కొట్టేసే జడ్జీలు సెనేట్లో గట్టెక్కడం కష్టం అన్నట్టు మాట్లాడితే పార్టీలో దుమారం రేగి జ్యుడీషియరీ కమిటీ చైర్మన్ పదవే పోయేంత పనైంది, బతిమాలుకుని నిలబెట్టుకున్నాడు. అలాంటి మనిషి మూడోరకం ఓటు గురించి నోరు తెరిస్తే ఏదో ఒకవైపు తగలబడిపోతుంది. అందుకని మాట్లాడినంత సేపూ మొదటి ఓటు గురించి, కమిటీలో నామినీకి గౌరవం దక్కడం గురించి మాట్లాడితే సేఫ్.

"ప్రతి నామినీకి అప్ ఆర్ డౌన్ ఓటు దక్కాలి" అనే మాట, అంటే అడ్డుకోకుండా అవునో కాదో ఓటింగ్ జరగాలని, ఆ రోజుల్లో తెగ తిరిగింది. వినడానికి ఎంత సూటిగా ఉందో చూడండి. కానీ ఇది కోరిక మాత్రమే, దాని కోసం రూల్ మార్చడానికి ఓటేస్తావా అంటే దానికి జవాబు ఇందులో లేదు. అలాగే అవతలి వైపు "సెనేట్ సంప్రదాయాల మీద నాకు గౌరవం ఉంది" అనే మాట. గౌరవం ఉంటే పార్టీకి ఎదురు తిరిగి ఓటేస్తావా? అది కూడా లేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి ఒకే ఉత్తరంలో రాయొచ్చు, రాశారు కూడా.

మే 23న డీల్ కుదిరింది. ఏడుగురు రిపబ్లికన్లు, ఏడుగురు డెమొక్రాట్లు, మొత్తం 14 మంది కలిసి ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. రిపబ్లికన్ల వైపు మెకెయిన్, వార్నర్, లిండ్సే గ్రాహమ్, ఒలింపియా స్నో, సుసాన్ కాలిన్స్, మైక్ డివైన్, చాఫీ. డెమొక్రాట్ల వైపు రాబర్ట్ బర్డ్, డేనియల్ ఇనౌయే, జో లీబర్మన్, బెన్ నెల్సన్, మేరీ లాండ్రూ, కెన్ సాలజార్, మార్క్ ప్రయర్. లెక్క చూడండి ఎంత పక్కాగా ఉందో, 55లో 7 తీసేస్తే 48, రూల్ మార్చడానికి సరిపోదు. అవతల ఇండిపెండెంట్‌తో కలిపి 45లో 7 తీసేస్తే 38, ఫిలిబస్టర్ నిలబెట్టడానికి సరిపోదు. 100 మంది సభలో 14 మంది రెండు పార్టీల ఆయుధాలూ ఒకేసారి లాగేసుకున్నారు. ముగ్గురు నామినీలకి దారిచ్చారు, ప్రిసిల్లా ఓవెన్, జానిస్ రోజర్స్ బ్రౌన్, విలియం ప్రయర్, ముగ్గురూ జూన్ రెండో వారం దాటకుండానే కన్ఫర్మ్ అయ్యారు. ఇంకో ఇద్దరి విషయంలో మేం ఏ హామీ ఇవ్వం అన్నారు. ఇకమీదట అసాధారణ పరిస్థితుల్లోనే ఫిలిబస్టర్ చేస్తాం అని రాసుకున్నారు, ఏది అసాధారణమో ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి అని కూడా అందులోనే రాసుకున్నారు.

ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. వార్నర్ ముందే టీవీలోకి వచ్చి నా ఓటు ఇటు అని చెప్పేసి ఉంటే ఈ బేరం కుదిరేది కాదేమో, చేతిలో ఓటు ఎటో తెలీకుండా ఉంచుకోవడం వల్లే రెండు వైపులా ఆయన మాట విన్నారు. కాబట్టి గోడ మీద పిల్లి అని అందరినీ ఒకే గాటన కట్టడం నాకు సరికాదనిపిస్తుంది. కానీ బేరం ఎలా సాగుతుందో చెప్పకపోవడం వేరు, నీ సూత్రం ఏంటో చెప్పకపోవడం వేరు. ఓటరు అడిగే హక్కు ఉన్నది ఆ సూత్రం గురించి. రేపు అవతలి పార్టీ ప్రెసిడెంట్ వచ్చి, అవతలి పార్టీకి 55 మంది ఉంటే, అప్పుడు కూడా ఇదే మాట అంటావా అని. దీనికి సమాధానం చెప్తే ఏ బేరం చెడిపోదు.

రెండో ఓటు దగ్గర జరిగే తిరకాసు 2006 జనవరిలో బాగా బయటపడింది. శామ్యూల్ అలీటో సుప్రీం కోర్టు నామినేషన్. డెమొక్రాట్ సెనేటర్ జాన్ కెర్రీ ఫిలిబస్టర్ చేద్దాం అని పిలుపిచ్చాడు, డెమొక్రాట్ ఓటర్లు ఆఫీసులకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. జనవరి 30న క్లోచర్ ఓటు, 72-25. మర్నాడు అసలు ఓటు, 58-42. ఒక్క రాత్రిలో ఈ తేడా ఎక్కడ్నుంచి వచ్చింది? 19 మంది డెమొక్రాట్లు క్లోచర్‌కి ఊ అన్నారు, వాళ్ళలో మర్నాడు అలీటోకి ఓటేసింది నలుగురే, మిగతా 15 మంది వ్యతిరేకంగా వేశారు. వాషింగ్టన్ రాష్ట్రం మరియా క్యాంట్వెల్, కొలరాడో సాలజార్, కనెక్టికట్ లీబర్మన్ అందరూ ఈ 15 మందిలో ఉన్నారు. రిపబ్లికన్ చాఫీ కూడా అంతే, క్లోచర్‌కి అవును, అలీటోకి కాదు.

వీళ్ళు మోసం చేశారని నేను అనను. నామినీ నచ్చకపోయినా ఓటింగ్ జరగనివ్వాలి అనేది గౌరవించదగ్గ వాదన, 1991లో థామస్ విషయంలో సెనేట్ చేసింది కూడా అదే. కానీ మీరు అలీటోని వ్యతిరేకించారా అని ఎవరైనా అడిగితే "అవును, నేను వ్యతిరేకంగా ఓటేశాను" అని చెప్పి ఆగిపోతే, ఆ మాట నిజమే కానీ సగం నిజం. ఆయన్ని ఆపగలిగే ఓటు ముందురోజే అయిపోయింది. 41 మంది నిలబడితే ఆగేవాడు, 25 మందే నిలబడ్డారు. ఆ 25 మందిలో ఒబామా ఒకరు, పదేళ్ళ తర్వాత 2016లో సుప్రీం కోర్టులో ఖాళీని ప్రెసిడెంట్‌గా ఆయన నింపకూడదని రిపబ్లికన్లు అడ్డుపడినప్పుడు ఈ ఓటు సంగతి అందరూ ఎత్తి చూపారు, ఆ ఓటు విషయంలో ఆయన ఇప్పుడు చింతిస్తున్నారని వైట్ హౌస్ చెప్పుకోవాల్సి వచ్చింది.

14 మంది డీల్ ఆపిన ఆ రూల్ మార్పు ఎనిమిదేళ్ళు జరగలేదు. 2013లో రిపబ్లికన్లు డీసీ అప్పీల్స్ కోర్టుకి ఒబామా పంపిన ముగ్గురిని, పెట్రీషియా మిల్లెట్, నీనా పిలర్డ్, రాబర్ట్ విల్కిన్స్, వరసగా అడ్డుకున్నారు. నవంబర్ 21న డెమొక్రాట్ల మెజారిటీ లీడర్ హ్యారీ రీడ్ ఆ న్యూక్లియర్ బటన్ నొక్కేశాడు. 2005లో ఇది సెనేట్‌ని నాశనం చేస్తుంది అని పోరాడిన రీడ్, అప్పుడు దీన్ని సమర్థించిన రిపబ్లికన్ నాయకుడు మిచ్ మెకానెల్, ఇద్దరూ సీట్లు మారినట్టే మాటలూ మార్చుకున్నారు. సుప్రీం కోర్టు తప్ప మిగతా నామినేషన్లన్నిటికీ 60 పోయి 51 అయింది. తర్వాత 2017 ఏప్రిల్ 6న ట్రంప్ నామినీ నీల్ గోర్సచ్ కోసం మెకానెల్ సుప్రీం కోర్టుకి కూడా అదే చేశాడు. 2005లో సంతకం పెట్టిన ఏడుగురు రిపబ్లికన్లలో అప్పటికి సెనేట్లో మిగిలింది మెకెయిన్, గ్రాహమ్, కాలిన్స్ ముగ్గురే, ముగ్గురూ ఈసారి రూల్ మార్చడానికే ఓటేశారు.

రోల్ కాల్, అంటే ఎవరు ఎటు ఓటేశారో ఉండే రికార్డు, చూసే అలవాటు ఉన్నవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. 2013లో, 2017లో జరిగిన ఆ ఓటు రికార్డుల్లో "కుర్చీ నిర్ణయం నిలబడాలా" అనే ప్రశ్న మీద ఉంటుంది. అంటే రూల్ మార్చాలి అనుకున్నవాళ్ళు "వద్దు" అని వేశారు, పాత రూల్ ఉండాలి అనుకున్నవాళ్ళు "అవును" అని వేశారు. తెలీకుండా చూస్తే పూర్తిగా తిరగేసి అర్థం చేసుకుంటారు. 2013లో మెజారిటీ పార్టీలో ఉండి కూడా పాత రూల్ వైపు నిలబడింది ముగ్గురు డెమొక్రాట్లు, కార్ల్ లెవిన్, జో మాంచిన్, 14 మందిలో ఒకడైన మార్క్ ప్రయర్. వాళ్ళ రాజకీయాలు నాకు అన్నీ నచ్చవు, కానీ ఆ రోజు ప్రయర్ 2005లో పెట్టిన సంతకానికి కట్టుబడ్డాడు, అది చెప్పుకోవాలి.

ఇదంతా అమెరికా రాజకీయం, మనకెందుకు అనుకునేవాళ్ళు మనవాళ్ళలో చాలామంది ఉన్నారు, గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాళ్ళైతే మరీను. 2013లో ముగ్గురు నామినీల కోసం ఇంత గొడవ జరిగిన ఆ డీసీ అప్పీల్స్ కోర్టే 2024 ఆగస్టులో హెచ్4 ఈఏడీ కేసులో తీర్పిచ్చింది, హెచ్1బీ మీద ఉండి గ్రీన్ కార్డ్ దారిలో ఉన్న కొందరి భార్యలు భర్తలు ఉద్యోగం చేసుకోవచ్చన్న 2015 నాటి నిబంధన చెల్లుతుందని. న్యూజెర్సీ నుంచి డల్లాస్ దాకా ఎన్ని తెలుగు ఇళ్ళల్లో ఆ కార్డు మీద ఇంటి లోన్ నడుస్తుందో మీకే తెలుసు. ఫెడరల్ ఏజెన్సీల నిబంధనల మీద కేసులు ఎక్కువగా వెళ్ళేది ఆ కోర్టుకే, అందుకే అక్కడ ఒక్కో సీటు కోసం అంత పోరాటం. ఓటు హక్కు లేకపోయినా మీరు ఆ రాష్ట్రంలో ఉంటే సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యొచ్చు, వాళ్ళు మొదట అడిగేది జిప్ కోడ్, తమ రాష్ట్రమా కాదా అని చూసుకుని ఎవరు దేనికి అనుకూలం ఎవరు వ్యతిరేకం అని లెక్క రాసుకుంటారు.

మరి ఇప్పుడు అడగడానికి ఏం మిగిలింది, ఫిలిబస్టర్ పోయింది కదా జడ్జీల విషయంలో, అంటే రెండు మిగిలాయి. ఒకటి బిల్లుల మీద ఫిలిబస్టర్, దానికి 60 ఇంకా ఉంది. 2017లో గోర్సచ్ కోసం రూల్ మార్చిన మర్నాడే కాలిన్స్, డెమొక్రాట్ క్రిస్ కూన్స్ కలిసి బిల్లులకి మాత్రం ఈ రూల్ ముట్టుకోవద్దని ఒక ఉత్తరం బయటపెట్టారు, దానిమీద రెండు పార్టీల నుంచి 61 మంది సంతకం పెట్టారు. ఐదేళ్ళు తిరక్కుండా, 2022 జనవరిలో ఓటింగ్ హక్కుల బిల్లు కోసం మినహాయింపు ఇద్దామా అని ఓటు పెడితే సంతకం పెట్టిన డెమొక్రాట్లలో చాలామంది మినహాయింపు వైపు వెళ్ళారు. 2017లో సంతకం పెట్టిన మీ సెనేటర్ ఇప్పుడు దేనికి కట్టుబడి ఉన్నారో అడగడం పూర్తిగా న్యాయమైన ప్రశ్న.

రెండోది బ్లూ స్లిప్, ఇది ఇంకా తక్కువమందికి తెలుసు. ఒక రాష్ట్రంలో డిస్ట్రిక్ట్ జడ్జి నామినేషన్ వస్తే ఆ రాష్ట్రం ఇద్దరు సెనేటర్లకీ జ్యుడీషియరీ కమిటీ ఒక నీలం కాగితం పంపుతుంది, దాన్ని వెనక్కి పంపకపోతే ఆ నామినీ అక్కడితో ఆగిపోతాడు. ఓటింగ్ ఉండదు, రికార్డు ఉండదు, ఉపన్యాసం ఉండదు, ఒక కాగితం డ్రాయర్లో ఉండిపోతుంది అంతే. అప్పీల్స్ కోర్టులకి ఈ పద్ధతి చెల్లకుండా పోయింది, 2019 ఫిబ్రవరిలో ఎరిక్ మిల్లర్ అనే నామినీ సొంత రాష్ట్రం వాషింగ్టన్ సెనేటర్లు క్యాంట్వెల్, ప్యాటీ మరే ఇద్దరూ స్లిప్ ఇవ్వకపోయినా కన్ఫర్మ్ అయ్యాడు. డిస్ట్రిక్ట్ జడ్జీలకి మాత్రం ఇంకా నడుస్తోంది, 2025లో ట్రంప్ దాన్ని తీసేయమని కమిటీ చైర్మన్ చక్ గ్రాస్లీ మీద గట్టిగానే ఒత్తిడి పెట్టినా ఆయన తియ్యలేదు.

డాక్టర్ గారితో ఇవన్నీ మాట్లాడుకుంటూ ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు కూడా అక్కడే అయిపోయాయి. 2005 ఉత్తరంలో తాను చేసిన తప్పు ఏంటో ఆయనే చెప్పారు, ఒకే ప్రశ్న అడిగాను, జవాబుకి బోలెడు సందులు వదిలేశాను అని. ఇప్పుడు ఆయన తమ రాష్ట్రంలో ఖాళీగా ఉన్న ఒక డిస్ట్రిక్ట్ జడ్జి సీటు గురించి కొత్త ఉత్తరం రాస్తున్నారు, నంబర్లు వేసి, ఒక్కో ప్రశ్న కింద అవును, కాదు అని రెండు గళ్ళు గీసి. నామినీ వస్తే నీలం కాగితం ఎన్ని రోజుల్లో వెనక్కి పంపుతారు, పంపకపోతే కారణం బయటికి చెప్తారా, ప్రెసిడెంట్ అవతలి పార్టీ వాడైనా ఇదే పద్ధతి పాటిస్తారా. ఫోటోకాపీ తీసి ఫైల్లో పెట్టమని నాకే ఇచ్చారు, 2005 నాటి కాగితం వెనకాల పెట్టాను.